రేష్మీకి ఉప్పు మానిపించిన ఏడాది

పొడుగు చెవుల స్పానియల్ కుక్కను పెంచుకుంటున్న వాళ్లెవరైనా ఇది చదివితే, ముందుగా ఒక మాట. అది వయసు మళ్లాక దగ్గడం మొదలుపెడితే గొంతులో ఎముక అడ్డం పడిందని అనుకోవద్దు. నేను అనుకున్నాను. దానివల్ల మూడు నెలలు పోయాయి.

రేష్మీ ఇప్పుడు నా కాళ్ల దగ్గర పడుకొని ఉంది. గండం గడిచింది. జబ్బు పోలేదు, పోదు కూడా. కానీ దానితో బతకడం మా ఇద్దరికీ కొంత అలవాటైంది. అందుకే రాయగలుగుతున్నాను. కుక్క జబ్బు గురించి ఇంత రాయాలా అని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ఆ నవ్వు నేను ముఖం మీదే విన్నాను.

మాది పాలమూరు జిల్లాలో ఒక గడీ. ఊరి పేరు ఎందుకు, తెలిసినవాళ్లకు తెలుస్తుంది. జాగీర్లు రద్దయ్యాయి, భూములు చేతులు మారాయి, నాయిన పోయారు. తమ్ముడు నర్సింగరావు పట్నంలో ఇల్లు తీసుకొని భార్యాపిల్లలతో వెళ్లిపోయాడు. నాకు పదిహేనో ఏట మేనబావతో పెళ్లయింది, పంతొమ్మిదో ఏట పుట్టింటికి తిరిగి వచ్చాను. అప్పటినుంచి ఇక్కడే. ఇరవై గదుల్లో మూడు గదులు వాడుకలో ఉన్నాయి. వంట చేసే ఎల్లమ్మ, నేను, రేష్మీ.

సికింద్రాబాదు కంటోన్మెంటు నుంచి తెల్లవాళ్లు వెళ్లిపోతున్నప్పుడు ఒక ఆఫీసరు నాయినకు ఇచ్చిన జత కుక్కలకు రేష్మీ మనవరాలు. ఎర్ర మట్టి రంగు బొచ్చు, నేలను తాకే చెవులు. కొట్టిన కౌజు పిట్టను పంటి గాటు పడకుండా నోట పట్టి తెచ్చే జాతి. ఆ జతతోపాటు వచ్చిన వంశావళి కాగితాన్ని నాయిన అద్దం కట్టించి హాలులో తగిలించారు. పక్కనే నిజాం ఇచ్చిన మా జాగీరు సనదు. సనదుకు విలువ పోయిన తర్వాత కూడా కుక్కల కాగితం చెల్లుతూనే ఉందని తమ్ముడు ఒకసారి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఇంటి పెద్ద భోజనానికి కూర్చున్నాక, తాను నోట పెట్టుకోకముందే, తన కంచంలో కలిపిన మొదటి ముద్ద ఇంటి కుక్కకు పెట్టాలి. మిగిలింది పెట్టడం కాదు, మొదటిదే. ఎందుకో చిన్నప్పుడు అడిగితే, ముత్తాతగారికి కుక్కంటే అంత ప్రేమ అని నాయిన చెప్పారు. ఆ రోజుల్లో గడీల్లో దాయాదులు అన్నంలో ఏం కలుపుతారో తెలియదు కాబట్టి ముందు కుక్క తినేదని పెద్దయ్యాక ఎల్లమ్మ చెప్పింది. భయంతో మొదలైంది మర్యాదగా మారింది. నాయిన పోయాక ఆ కంచం ముందు కూర్చునేది నేనే. పప్పు, కారప్పొడి, నెయ్యి కలిపిన మొదటి ముద్ద రోజూ రేష్మీదే.

దగ్గు ఉగాదికి ముందు మొదలైంది. పొద్దున లేవగానే మెడ చాచి, ఏదో కక్కబోతున్నట్టు నాలుగైదు సార్లు. ఏమీ పడేది కాదు. ఎల్లమ్మ సొంఠి, తేనె నాకించింది. నేను దాని నోరు తెరిచి వేలితో వెతికాను. ఎముక దొరకలేదు. అయినా ఎముకే అనుకున్నాను. ఎందుకంటే మా కుక్కలకు జబ్బు ఉండదు. కాగితం అద్దంలో ఉంది కదా.

మృగశిర కార్తెలో మొదటి వాన పడిన మర్నాడు వెనక బీడులో కౌజు కూసింది. రేష్మీ చెవులు ఎత్తి ఒక్క ఉరుకు ఉరికింది. పది గజాలు పోయిందో లేదో కాళ్లు నాలుగూ పక్కకు జారి పడిపోయింది. నేను పోయేసరికి నాలుక నీలంగా ఉంది. పాము అనుకున్నాను. ఎల్లమ్మ దాని పక్కటెముకల మీద చెయ్యి పెట్టి, "దొరసానమ్మా, దీని గుండె జూడు, కప్ప లెక్క ఎగురుతాంది" అంది. కొంతసేపటికి అదే లేచింది. లేచి, సిగ్గుపడ్డట్టు నా వైపు చూడకుండా నడిచి పోయింది.

ఆ వారమే పాలమూరు పశువుల దవాఖానకు బయలుదేరాను.

ఒకప్పుడు మా ఇంటి ఆడవాళ్లు గడీ దాటితే పరదా కట్టిన బండిలోనే దాటేవాళ్లు. బండి ఇంకా ఉంది, ఎద్దులు లేవు. బస్సు దగ్గర నిలబడితే కండక్టరు రేష్మీని చూసి, "ఏందమ్మా గిది, కుక్కనా, మేకపిల్లనా? చెవులు జూస్తే గట్లున్నయి" అన్నాడు. "ఏదైనా సరే, లోపలికి రానియ్య. మీద సామాన్లతోటి కట్టెయ్యి."

"ఎండల కడితే చస్తది. దాని పాణం బాగ లేదు."

"అయితే నువ్వు సుత మీదనే కూసుంటవా?"

బస్సులో ఉన్నవాళ్లు నవ్వారు. "కూసుంటా. నిచ్చెన ఎక్కడున్నది?" అన్నాను. నిజంగానే అన్నాను. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి నిచ్చెన వైపు నడిచాను. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఎక్కనియ్యి బే, గడీ దొరసాని" అన్నాడు. కండక్టరు పక్కకు జరిగాడు. ఆ మాట వల్ల సీటు దొరికింది. కానీ ఆ తర్వాత దారి పొడుగునా ఎవరూ నాతో మాట్లాడలేదు. పక్కన కూర్చున్న ఆవిడ లేచి వెనక్కి పోయింది.

దవాఖాన వరండాలో గొర్రెలు, మేకలు, కాలు విరిగిన దూడ, పొదుగు వాచిన బర్రె. కూర్చోవడానికి గచ్చు తప్ప ఏమీ లేదు. నేను స్తంభానికి ఆనకుండా నిలబడ్డాను. పక్కన గొర్రెను పట్టుకొని కూర్చున్న ముసలి కురుమాయన, "కూసో అమ్మా, నీ పాళి వచ్చేసరికి పొద్దు నెత్తి మీదికొస్తది" అన్నాడు.

"పర్వాలేదు."

"నువ్వు నిలుసుంటే నిలుసో. అది నిలవడలేకపోతాంది, సూడు." భుజం మీది గొంగడి తీసి మడత విప్పి గచ్చు మీద పరిచాడు. రేష్మీ నా అనుమతి అడగలేదు. వెళ్లి దాని మీద పడుకుంది. గొర్రెల వాసన వేసే ఆ గొంగడి మీద దాని ఊపిరి కొంచెం నెమ్మదించింది.

బర్రెతో వచ్చినతను అడిగాడు. "ఏమైంది దానికి?"

"ఆయాసం."

"ఓయబ్బ! కుక్కకు ఆయాసమని బస్సుల ఏసుకొచ్చినవా? మా అమ్మకు ఆయాసమొస్తే బండి కట్టెటోడు దొరకలే."

నేను వంగి రేష్మీ చెవులు సర్దాను. ముసలి కురుమాయన, "నీ బర్రెను ఈడిదాక తోలుకొస్తివి గద, మీ అమ్మను యాడ జూపిచ్చినవ్?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను తప్ప.

డాక్టరు గారిది కృష్ణా జిల్లా వైపు. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. తర్వాత గొట్టాలు నా వైపు చాచి, "మీరూ వినండి" అన్నారు. ఎందరి చెవుల్లోనో పెట్టిన గొట్టాలు. ఒక్క క్షణం ఆగి పెట్టుకున్నాను. డబ్ డబ్ అని వినిపిస్తుందనుకున్నాను. చెరువు తూముకు బిరడా సరిగ్గా పడనప్పుడు సందులోంచి నీళ్లు చిమ్మే చప్పుడు వినిపించింది. స్ష్... స్ష్... ఆగకుండా.

"గుండెలో తలుపు మందమెక్కి ముడుచుకుపోయిందండీ. మూసుకోవట్లేదు. ముందుకు తోసిన రక్తంలో కొంత వెనక్కి కారుతోంది. గుండె ఉబ్బి ఊపిరి గొట్టాన్ని ఒత్తుతోంది. దగ్గు అందుకే. ఈ చెవుల కుక్కల్లో వయసు మీద పడ్డాక ఇది వస్తూ ఉంటుంది. దీని తల్లిదండ్రులెవరు?"

చెప్పాను. ఆ జతకు పుట్టిన అన్నాచెల్లెళ్లనే నాయిన జత కట్టించారు. వేరే రక్తం కలవకూడదని.

"కలవలేదండీ," అన్నారు డాక్టరు గారు. "అందుకే లోపం కూడా బయటికి పోలేదు."

"మా కుక్కలకు కాగితం ఉంది," అన్నాను. ఎందుకు అన్నానో తెలియదు. ఆయన నవ్వలేదు, అది ఆయన మంచితనం. మా ఇళ్లలో పెళ్లిళ్లు కూడా నాలుగు గడీల మధ్యే తిరుగుతాయని, ఇరవై నాలుగేళ్లకే నా భర్త నడుస్తూ నడుస్తూ కూలిపోయాడని ఆయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నయం చేయలేమని ఆయన సూటిగా చెప్పారు. జబ్బును మోస్తూ కొన్నాళ్లు బతికించుకోవచ్చు అన్నారు. రోజూ డిజిటాలిస్ మాత్ర, ఆయన చెప్పినంతే, ఒక్క తునక ఎక్కువ కాదు. అన్నం మానేసినా, వాంతి చేసుకున్నా మాత్ర ఆపి వెంటనే రావాలి. ఉరకనివ్వకూడదు, మెట్లు ఎక్కనివ్వకూడదు, కొంచెం కొంచెంగా నాలుగు సార్లు పెట్టాలి. నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు ఎన్నిసార్లు లేస్తున్నాయో ఒక నిమిషం లెక్కపెట్టి రాసుకోవాలి. రోజురోజుకూ పెరుగుతుంటే ఒంట్లో నీరు చేరుతోందని గుర్తు. చివరికి, "ఉప్పు పూర్తిగా మానిపించండి. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. మాత్ర ఎంత పని చేస్తుందో ఉప్పు మానడం అంత పని చేస్తుంది" అన్నారు.

ఇంటికొచ్చి ఎల్లమ్మకు చెప్పాను. దానికి వేరే వండుతానంది. కుదరదన్నాను. మొదటి ముద్ద నా కంచంలోది కావాలి. వేరే గిన్నెలోది తెచ్చి పెడితే అది ఇంటి కుక్క కాదు, వాకిట్లో కుక్క. మరునాటి నుంచి మా పొయ్యి మీద ఉప్పు పడలేదు. పచ్చళ్ల జాడీలు తమ్ముడికి పంపేశాను.

"ఉప్పు లేని పప్పు గొడ్డు సుత ముట్టదు," అంది ఎల్లమ్మ మూడో రోజు.

"గొడ్డుకు పెట్టమని నీకెవరు చెప్పిన్రు?"

"నేనే గా గొడ్డును. నువ్వు తింటున్నవు గదా అని నేను సుత తింటున్న. కుక్కకు జబ్బు, మనకు పత్తెం."

ఆ మాటకు మాత్రం నవ్వాను. ఆరుద్ర కార్తె నుంచి పుష్యమి కార్తె దాకా మంచి రోజులు. దగ్గు తగ్గింది. మధ్యాహ్నం అది నిద్రపోతే నాయిన గొలుసు గడియారం పట్టుకొని పక్కన కూర్చొని లెక్కపెట్టేదాన్ని. ఒక నిమిషం అంటే ఎంత పొడుగో నాకు అప్పుడే తెలిసింది. అంత పెద్ద ఇంట్లో ఆ ఒక్క పక్కటెముకల కదలిక తప్ప ఏ చప్పుడూ ఉండదు.

దసరాకు తమ్ముడు వచ్చాడు. ఉప్పులేని అన్నం ఒక ముద్ద తిని కంచం పక్కకు నెట్టాడు. సంగతి చెప్పాను. వాడి ముఖం మారింది.

"అక్కా, ఇది ఎవరితోనైనా అన్నవా?"

"డాక్టరుకు, ఎల్లమ్మకు."

"ఇంకెవ్వరికీ చెప్పకు. దీని పిల్లలు మూడిళ్లల్ల ఉన్నయి. నా దగ్గరున్న దాని కొడుక్కు పిల్లలు పుడితే ఇస్తనని పెద్దోళ్లకు మాట ఇచ్చిన. మనకు మిగిలిన పేరు గీ కుక్కలే. వాటికి సుత రక్తం మంచిది కాదని తెలిస్తే మన ముఖం ఎవరు చూస్తరు?"

వాడిని తిట్టి ఉంటే బాగుండేది. వాడు అన్నదే నేనూ అనుకుంటున్నాను కాబట్టి తిట్టలేదు. ఎల్లమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. కుక్కకు ఏమైందని ఎవరడిగినా ముసలిదైందని చెప్పాలి. ఉప్పు ఎందుకు కొనడం లేదంటే జవాబు చెప్పకుండా రావాలి.

అదీ తప్పు. అన్నిటికన్నా పెద్ద తప్పు. మిగతావన్నీ తెలియక చేసినవి.

కార్తీకంలో రేష్మీ పొట్ట కిందికి జారింది. వీపు ఎముకలు తేలి, కింద మాత్రం కుండలా నీరు. ఊపిరి లెక్క రోజుకు రెండు మూడు చొప్పున పెరుగుతోంది. పాలమూరు తీసుకుపోతే డాక్టరు గారు నీరు తీసే ఇంజక్షను ఇచ్చారు. సాయంత్రానికి ఎన్నిసార్లు ఒంటికి పోయిందో లెక్కలేదు, పొట్ట తగ్గింది. వారం తిరగకుండా మళ్లీ అంతే.

"ఎక్కడినుంచో దీని ఒంట్లోకి ఉప్పు పోతోందండీ," అన్నారు ఆయన.

"మా ఇంట్లో చిటికెడు ఉప్పు లేదు."

"పోతోంది," అన్నారు మళ్లీ, అదే గొంతుతో.

ఇంటికొచ్చి ఎల్లమ్మను నిలదీశాను. నలభై ఏళ్లు మా ఇంట్లో చేసిన మనిషిని, నా తలకు నూనె రాసిన మనిషిని, దొంగను అడిగినట్టు అడిగాను. ఆమె గరిటె కింద పెట్టింది. "నేను తినెటందుకే ఉప్పు అడగలే, దానికి పెడుతనా?" అంది. చెంగు దులిపి, బిడ్డ దగ్గరికి పోతున్నానని చెప్పి వెళ్లిపోయింది. నేను ఆపలేదు. ఆపడం నాకు రాదు.

ఆ పది రోజులు గడీలో నేను, రేష్మీ. నీళ్లు నేనే తోడుకున్నాను, పొయ్యి నేనే ఊదుకున్నాను. పొగకు కళ్లు మండితే అది వచ్చి మోకాలికి తల ఆనించేది. ఆ నాలుగడుగులకే దానికి రొప్పు వచ్చేది. వద్దని చెప్పినా వచ్చేది. మనుషులతో మాట్లాడని రోజులు ఎన్ని పోయాయో తెలియదు. ఒకనాడు దానిని పిలవబోతే గొంతు పెగలలేదు.

ఆ రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా రేష్మీ కనబడలేదు. వెతుకుతూ వెనక్కి పోయాను. వెనక గోడ ఒకచోట కూలి మనిషి దూరేంత సందు ఉంది. అవతల గొల్ల బాలమ్మ ఇల్లు. గోడ ఇవతల నిలబడ్డ నాకు ఆమె గొంతు వినిపించింది.

"తిను బిడ్డా, తిను. మీ దొరసానికే ఉప్పుకు గతి లేదంట, నీకేడ పెడతది. కడుపు జూడు, తిండిలేక ఎట్ల ఉబ్బిందో. కరువుల మా పోరగాండ్ల కడుపులు గిట్లనే ఉంటుండె. రేపు సుత రా. అవతల సాకలి నర్సమ్మ ఎండుచేప పెడతనన్నది."

సందులోంచి చూశాను. ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం ముక్కలు, ఒట్టి తునకలు, అరచేతిలో పెట్టుకొని ఒక్కొక్కటి అందిస్తోంది. రేష్మీ కౌజు పిట్టను పట్టినంత మెత్తగా వాటిని ఆమె చేతిలోంచి తీసుకుంటోంది.

రెండడుగులు వేసి, "బాలమ్మా, అది దానికి విషం" అంటే సరిపోయేది. కానీ నా చెవుల్లో వేరే మాట మోగుతోంది. ఉప్పుకు గతి లేదంట. మా గడీ మీద గొల్లవాడ జాలి పడుతోంది. ఆ జాలి ముందుకు పోయి నిలబడడం నా వల్ల కాలేదు. చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను. రేష్మీ వచ్చాక తలుపు వేసి, సందుకు అడ్డంగా పాత పలకలు పెట్టించాలని మాత్రం అనుకున్నాను, పెట్టించలేదు.

మూడో రోజు తెల్లవారేసరికి రేష్మీ కూర్చొని ఉంది. మోచేతులు బయటికి తిప్పి, మెడ చాచి, పడుకోలేక కూర్చొని ఉంది. పడుకుంటే ఊపిరి అందడం లేదు. ముక్కు నుంచి లేత ఎరుపు నురగ. లెక్కపెట్టబోయాను, లెక్క అందలేదు.

దాన్ని చేతుల మీద ఎత్తుకొని బస్సు దాకా నడిచాను. అదే కండక్టరు. ఈసారి ఏమీ అనలేదు. కిటికీ పక్కన కూర్చున్నతన్ని లేపి, "గాలి తగలాలె దానికి, జర జరుగన్నా" అన్నాడు. పాలమూరు దాకా రెండు గంటలు. ప్రతి ఊళ్లో బస్సు ఆగినప్పుడల్లా అది ఇంకా ఊపిరి తీస్తోందా అని చూసుకున్నాను. దేవుడి పేరు తలుచుకోలేదు. మూడు రోజుల కింద గోడ దగ్గర నేను వేయని రెండడుగులు తప్ప ఏమీ గుర్తు రాలేదు.

డాక్టరు గారు ఇంజక్షను మీద ఇంజక్షను ఇచ్చారు. పొట్టలోంచి సూదితో నీరు తీశారు. రెండు రోజులు అక్కడే ఉంచుకున్నారు. నేను వరండాలో ఉన్నాను. ఈసారి కూర్చున్నాను, గచ్చు మీదే. రెండో రోజు ఆయన వచ్చి పక్కన నిలబడి, "ఉప్పు సంగతి తెలిసిందా?" అన్నారు.

తెలిసిందన్నాను. ఎవరు, ఏం పెట్టారో చెప్పాను.

"మరి వాళ్లకు చెప్పలేదా?"

చెప్పలేదన్నాను. ఆయన నా ముఖం వైపు చూడకుండా, "ఇంకోసారి ఇలా వస్తే నా చేతిలో ఏమీ లేదండీ" అని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడు మొదట మూడు ఉత్తరాలు రాశాను, రేష్మీ పిల్లలను తీసుకున్న మూడు ఇళ్లకు. దగ్గితే ఎముక అనుకోవద్దని, ఎవరికీ జత కట్టించవద్దని. తమ్ముడికి కూడా అదే రాశాను. వాడు ఇంతవరకు జవాబు రాయలేదు. సంక్రాంతికీ రాలేదు, ఉగాదికీ రాలేదు. ఆ తర్వాత ఎల్లమ్మ బిడ్డ ఇంటికి మనిషిని పంపాను. "నువ్వు తప్పు చేయలేదు" అని చెప్పమన్నాను. ఆమె వచ్చింది. వచ్చి నేరుగా పొయ్యి ముందు కూర్చుంది. రేష్మీని చూసి మాత్రం ఏడ్చింది.

అప్పుడు ఊళ్లోకి బయలుదేరాను.

గడీ మనిషి ఎవరింటికీ పోడు, మనుషులే గడీకి వస్తారు. పిలిస్తే వస్తారు, పిలవకపోయినా భయంతో వస్తారు. నా కాలంలో నేను చూసింది అదే. గొల్లవాడ, చాకలివాడ, వెనక ఉన్న కల్లు కంపౌండు, అన్నీ కలిపి రేష్మీ తిరగగల ఇళ్లు పదిహేను. మొదటి మూడిళ్లలో ఆడవాళ్లు నన్ను చూసి లేచి తలుపు చాటుకు పోయారు. నేను ఏదో తీసుకుపోవడానికి వచ్చాననుకున్నట్టున్నారు. వాకిట్లో నిలబడి, "మా కుక్కకు గుండె జబ్బు. ఉప్పు పెడితే చస్తది. దయచేసి ఏమీ పెట్టకుండ్రి" అన్నాను. నాలుగు మాటలు. అవే మూడు వాకిళ్లలోనూ చెప్పాను.

నాలుగో ఇల్లు బాలమ్మది. ఆమె తలుపు చాటుకు పోలేదు. చేతిలో చాట పక్కన పెట్టి, "గంతేనా దొరసానమ్మా!" అని నవ్వేసింది. "మేమేమో గడీల ఉప్పుకు సుత లేక, కుక్కకు తిండి లేక పొట్ట ఉబ్బిందనుకున్నం. అయ్యో, నా చేతులతోటి నేనే పెడితినే. బతికిందా?"

"బతికింది."

"కూసో. నిలవడితివేంది." పీట వేసింది. కూర్చున్నాను. ఆమె చాలా ప్రశ్నలు అడిగింది. ఎట్లా మొదలైంది, దగ్గు ఎప్పుడొచ్చేది, పడుకోలేక కూర్చుందా, కాళ్లు, పొట్ట, నురగ. అన్నీ చెప్పాను. కుక్క మీద ఇంత శ్రద్ధ ఏమిటా అనుకున్నాను. చెబుతున్న కొద్దీ ఆమె నవ్వు పోయింది.

"మా మామ గట్లనే పోయిండు," అంది. "లింగయ్య. నీకెరుకే. పడుకోరాకపోతుండె. గోడకు ఒరిగి కూసొనే తెల్లారగడుతుండె. పొట్ట గిట్లనే ఉబ్బె. నోట్ల నురుగు. బాణామతి అన్నరు. ఈరమ్మ చేసిందన్నరు."

నాకు ఎరుకే. పంచాయితీ మా గడీ ముందరి గచ్చు మీదే జరిగింది. తీర్పు చెప్పింది నాయిన. ఈరమ్మకు గుండు కొట్టించి ఊరు దాటించారు. నేను పరదా వెనక నిలబడి విన్నాను. ఆమె ఒకటే మాట అంటూ వచ్చింది, నేనేం చేయలేదు దొరా అని. తర్వాత ఆమె ఎక్కడ పోయిందో, ఎట్లా పోయిందో ఎవరూ అడగలేదు.

"మా మామది గుండెనేనా, దొరసానమ్మా?"

నేను డాక్టరును కాను అనవచ్చు. అనడానికి నోరు తెరిచాను కూడా. "అదే అయి ఉంటది" అన్నాను.

"అయితే ఈరమ్మ ఏం చెయ్యలే."

"చెయ్యలేదు."

బాలమ్మ చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. తర్వాత, తిట్టినట్టు కాదు, అడిగినట్టే అడిగింది. "గీ మాట నువ్వు చెప్తవా ఊర్ల? నేను చెప్తే ఎవ్వలింటరు. దాని కొడుకు ఇంకా ఊరవతల పీనుగులను పూడ్చే గా బొందలగడ్డ కాడనే ఉంటడు. వాని బిడ్డను ఎవ్వలు చేసుకుంటలేరు."

లేచి నిలబడ్డాను. ఇంకా పదకొండు ఇళ్లు ఉన్నాయి. తర్వాతి ఇల్లు చాకలి నర్సమ్మది. ఆమె అప్పటికే వాకిట్లోకి వచ్చి, దొరసాని ఎందుకొచ్చిందా అని చూస్తోంది. నా కుక్కకు ఉప్పు పెట్టవద్దని చెప్పాను. ఆమె సరేనని తల ఊపి లోపలికి తిరగబోతే, "ఆగు నర్సమ్మా, ఇంకో మాట ఉన్నది" అన్నాను. "మా నాయిన చెప్పిన తీర్పు ఒకటి తప్పు."